మాలకొండయ్య అనే పని ప్రదేశం

గుంటలు తవ్వించడం తప్ప మరో పని ఎరగని ఆఫీసు ఒకటి ఉండేది. చెరువులో పూడిక తీయించేది, చేల గట్ల వెంబడి గుంటలు తవ్వించేది, వానొచ్చి అవి పూడిపోతే మళ్ళీ తవ్వించేది. కూలి జనం ఎండలో తవ్వుతుంటే ఆఫీసు గొడుగు కింద నిలబడి కొలిచేది. ఎవరి పని వాళ్ళకు వచ్చు గనుక తగువు లేకుండా ఏళ్ళు గడిచాయి.

అట్లాంటి ఆఫీసు నెత్తిన ఉన్నట్టుండి దయ వచ్చి పడింది.

పట్నంలో పెద్ద సభ జరిగిందట. మతి తప్పిన ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఎంతమంది ఇళ్ళలో కూర్చుండిపోయారో, వాళ్ళు పనికి పోకపోవడం వల్ల దేశానికి ఎంత నష్టమో ఒక మేధావి తెర మీద గీత గీసి చూపించాడట. గీత పైకి పోయే కొద్దీ సభలో వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట. ముసలివాళ్ళను తలుచుకుని కాదు, గీతను చూసి. భోజనాల వేళకు పథకం తయారైంది. కనిపెట్టుకుని ఉండడం కూడా పనే, దానికీ కూలి ఇవ్వవలసిందే అన్నారు. మాట మంచిదే. మంచి మాటను ఎవరి చేతిలో పెట్టాలా అని వెతికితే గుంటల ఆఫీసు దొరికింది.

కొత్త నిబంధనలు రాసే తీరిక ఆఫీసుకు లేదు. ఉన్నవి గుంటల నిబంధనలు. వాటినే ముందేసుకుని, గుంట అని ఉన్నచోటల్లా కొట్టేసి వృద్ధుడు అని రాసుకుంటూ పోయారు. సాయంత్రానికి పుస్తకం పూర్తయింది. పథకానికి పేరు మాత్రం చాలా పొడుగ్గా పెట్టారు. జనానికి నోరు తిరగక కనిపెట్టుడు పని అన్నారు.

నక్కలదిన్నెలో ఉండే చెంచమ్మకు ఈ కబురు ముడి వేస్తుండగా అందింది.

ముడి పాత చీరది. ఒక కొస మంచం కోడుకు, ఒక కొస మొగుడి నడుముకు. మొగుడు మాలకొండయ్య ఒకప్పుడు పెద్ద మందకు కాపరి. అతను ఈల వేస్తే కొండ అవతల మేసే జీవాలు తలలెత్తేవి. నాలుగేళ్ళ కింద అతనికి మతి నిలవక ఒక్కొక్క జీవమే తప్పిపోతుంటే మిగిలినవి అమ్మేశారు. మంద పోయింది గానీ కాపరి పోలేదు. తెల్లవారగానే కర్ర పుచ్చుకుని లేని మందను తోలుకుంటూ బయలుదేరతాడు. దారిలో ఏది కనబడితే దాన్ని అదిలిస్తాడు. ఒకసారి బడికి పోయే పిల్లలను కొండ మీదికి తోలాడు. ఒకసారి పెళ్ళివారిని, పెళ్ళికొడుకుతో సహా, వాగులోకి దించాడు. రోడ్డెక్కితే లారీలను కూడా అదిలిస్తాడు. లారీలు గొర్రెల్లాగా మాట వినవు.

అందుకని చెంచమ్మ మిరప కోతకు పోయే రోజున అతన్ని కట్టేసి పోయేది. కడుతుంటే అతను చేతులు పైకెత్తి నిలబడేవాడు, పంచె కడుతున్నారనుకుని. "ఏ ఊరు పిల్లా మీది? నీ చెయ్యి మంచిది" అనేవాడు మర్యాదగా. సాయంత్రం వచ్చి చూస్తే ముడి కింద నడుము ఒరుసుకుపోయి ఎర్రగా ఉండేది. వెన్న రాసేది. మర్నాడు దాని మీదే మళ్ళీ కట్టేది. కట్టకపోతే మనిషి దక్కడు, పనికి పోకపోతే కూడు దక్కదు. ఆమెకు పెద్ద కోరికలేం లేవు. ఆ ముడి వేసే పని తప్పితే చాలు.

కబురు తెచ్చిన ఓబులేసు ఊళ్ళో కూలీల హాజరు చూసే మనిషి. ఆమెకు వరసకు కొడుకవుతాడు.

"చిన్నమ్మా, ముడి ఇప్పు. ఇంటికాడ కూర్చుని చిన్నాయన్ని చూసుకుంటే కూలిస్తారంట" అన్నాడు.

"మొగుణ్ణి చూసుకుంటే కూలేందిరా. జనం నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. ఇన్నాళ్ళూ నిన్ను చూసి ఏడ్చిందెవురు గనక?"

చెంచమ్మ ముడి విప్పి, చీర జాడించి తీగ మీద ఆరేసింది.

గుంట తవ్వేచోట కూలీలకు పొద్దున ఒక ఫొటో, మధ్యాహ్నం ఒక ఫొటో తీస్తారు. ఎక్కడ తీశారో సెల్లుకు తెలిసిపోతుంది. రెండూ ఒకే చోట తీసినవై ఉండాలి, గుంట నడవదు గనుక. ఆ లెక్కన మాలకొండయ్య పని ప్రదేశం అయ్యాడు. మొదటి రోజు ఓబులేసు పని ప్రదేశాన్ని అరుగు మీద కూర్చోబెట్టి, పక్కన చెంచమ్మను నిలబెట్టి పొద్దుటి ఫొటో తీసుకుపోయాడు. మధ్యాహ్నం వచ్చేసరికి పని ప్రదేశం ఊరి బయట తుమ్మ చెట్లలో ఉంది. వెనకాలే సంగటి ముంత పట్టుకుని చెంచమ్మ ఉంది. ఓబులేసు రొప్పుకుంటూ పోయి అక్కడ ఫొటో తీశాడు. సెల్లు ఒప్పుకోలేదు. చోటు మారింది, హాజరు లేదంది.

చెంచమ్మకు ఇది తల కిందులుగా కనిపించింది. అరుగు మీద ఊరికే కూర్చున్న పూట హాజరు పడింది. ముళ్ళల్లో కాళ్ళు చీరుకుపోతూ అతని వెంట తిరిగిన పూట పడలేదు. ఓబులేసు పైవాళ్ళకు ఫోను చేశాడు. పని ప్రదేశం తనంతట తాను కదలడమనేది నిబంధనల్లో ఊహించలేదు కాబట్టి అది కదలనట్టే భావించాలని పైవాళ్ళు సెలవిచ్చారు. మరి ఆమె తుమ్మల్లో ఎవరితో ఉన్నట్టు అని ఓబులేసు అడిగాడు. అది ఆమె వ్యక్తిగత విషయం, ఆఫీసు జోక్యం చేసుకోదు అన్నారు.

వారం తిరిగాక కొలతలకు వచ్చారు. ప్రత్యేకాధికారి పద్మాకరం గారు జీపు దిగారు. వెనక టేపు పట్టుకుని ఇంజనీరు దిగాడు. పద్మాకరం గారు చాలా మంచివారు. లంచం ముట్టరు, ఎవరినీ కసురుకోరు, నిబంధన గీసిన గీత దాటరు. ఇన్ని మంచి గుణాలు ఒక్క మనిషిలో చేరితే ఎదుటివాడికి ఎంత కష్టమో చెంచమ్మకు అప్పటికి తెలియదు.

పని జరిగిందంటే గుంటకు లోతు పెరగాలి. మనిషికి లోతేమిటా అని ఇంజనీరు టేపు చాపి, మళ్ళీ చుట్టి, బుర్ర గోక్కున్నాడు. పద్మాకరం గారు కళ్ళు మూసుకుని ఆలోచించి జ్ఞాపకమే లోతు అని తేల్చారు. ఎంతమందిని గుర్తుపడితే అంత లోతు. వీధివాళ్ళందరినీ వరసగా నిలబెట్టి ఎవరెవరో చెప్పమన్నారు. మాలకొండయ్య పెళ్ళాన్ని గుర్తుపట్టలేదు. ఓబులేసును గుర్తుపట్టలేదు. పక్కింటి కొండమ్మ మేకను గుర్తుపట్టాడు. దాని తల్లి ఎవరో, ఆ తల్లికి ఏ కాలు కుంటో కూడా చెప్పాడు. మేక జనాభా లెక్కలోకి రాదు గనుక అది లోతు కాదన్నారు. అయినా ఇంజనీరు దయతలచి, మేక వరకు పరవాలేదు అని మనసులో పెట్టుకున్నాడు.

తరవాతి కొలతకు వచ్చేసరికి మాలకొండయ్య మేకను కూడా మరిచిపోయాడు.

పద్మాకరం గారు నిజంగానే బాధపడ్డారు. చెంచమ్మను పక్కకు పిలిచి మెల్లిగా చెప్పారు.

"చూడమ్మా, సదరు పని ప్రారంభానికి పూర్వం ఉన్న స్థితి కన్నా, ప్రారంభించిన పిమ్మట ఉన్న స్థితి దిగజారినట్టు క్షేత్రస్థాయి పరిశీలనలో తేలింది. అనగా మీరు తవ్వలేదు. పూడ్చారు."

చెంచమ్మకు సిగ్గేసింది. "మళ్ళీ వారానికి మేకనన్నా నేర్పిస్తాలే సారూ" అంది.

ఆ వారమంతా నేర్పింది. మేకను తెచ్చి ముందు నిలబెట్టి ఇది మేక, ఇది కొండమ్మది అని చెప్పింది. మేకకు విసుగొచ్చి పంచె నమిలింది గానీ మాలకొండయ్యకు ఎక్కలేదు. చివరికి తనను తాను చూపించుకుంది. నేనెవరినో చెప్పు, చెంచమ్మను, చెంచమ్మను అని పదిసార్లు అంది. మాలకొండయ్య తలూపాడు.

"మా ఇంటిదాని పేరు గూడా చెంచమ్మేలే. ఇంటికాడ లేదు, చేలోకి పోయింది. వస్తది, కూర్చో" అన్నాడు.

అంతటితో ఆమె పాఠం చాలించింది.

తరవాత బోర్డు వచ్చింది. ప్రతి గుంట దగ్గరా పని పేరు, మొదలుపెట్టిన తేది, ముగిసే తేది రాసి బోర్డు పాతడం ఆచారం. ఇంటి ముందు రాయి పాతి సున్నం కొట్టి, పని పేరు మాలకొండయ్య అని ఎర్ర రంగుతో రాశారు. ముగిసే తేది దగ్గరికొచ్చి రంగులవాడు కుంచె ఎత్తి పట్టుకున్నాడు. ఎప్పటికి పూర్తవుతుందమ్మా అని పద్మాకరం గారు అడిగారు. ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓబులేసు తన చెప్పులు చూసుకున్నాడు.

"అట్టా అడగొచ్చా సారూ" అంది.

పద్మాకరం గారు నొచ్చుకున్నారు. ముగింపు లేని పనికి నిధులు రావని, ముగింపు లేకుండా సాగడం ప్రభుత్వంలో ఫైళ్ళకు తప్ప పనులకు కుదరదని వివరించారు. ఆఖరికి ఎవరి మనసూ నొప్పించకుండా, పనులన్నీ ఎట్లాగూ మార్చి నెలాఖరుకు ముగియాలి గనుక ఇదీ అప్పటికే అని రాయించారు.

నక్కలదిన్నెలో చదువుకున్నవాళ్ళు తక్కువేం కాదు. బోర్డు చదివారు. గవర్మెంటోళ్ళకు ముందే తెలిసిపోయిందంట, మార్చి దాటడంట అని ఊరూరా పాకింది. గవర్మెంటు మాట ఎన్నడూ ఇంత తొందరగా నమ్మలేదు జనం. బంధువులు దిగడం మొదలుపెట్టారు. ఆడపడుచు బస్సు దగ్గరి నుంచే రాగం తీసుకుంటూ వచ్చింది. మేనల్లుడు బత్తాయిలు తెచ్చాడు. ముందుచూపున్న వాళ్ళెవరో కాటికి పోయే దారిలో ముళ్ళకంప కొట్టించారు. మాలకొండయ్య బత్తాయి తొనలు ఒలుచుకు తింటూ, పాపం ఎవరికంట అని అందరినీ అడిగాడు. వచ్చినవాళ్ళకు చెంచమ్మ వండి పెట్టింది. ఒక పూట మేం కనిపెట్టుకుని ఉంటాంలే, నువ్వు నడుం వాల్చు అన్నవాళ్ళు లేరు. చూడడానికి వచ్చారు, చూశారు, తిన్నారు.

ఇంతలో ఇంకో నిబంధన తలెత్తింది. ఏ పనికైనా కూలి వాటా ఇంత, సామాను వాటా ఇంత అని ఉంటుంది. సామాను వాడకపోతే కూలి కూడా కదలదు. మాలకొండయ్య మీద ఇంతవరకు పిసరంత సామాను వాడలేదు. పద్మాకరం గారు అతన్ని ఆ పక్క నుంచీ ఈ పక్క నుంచీ చూశారు, ఎక్కడన్నా వాడే వీలుందేమోనని. చెంచమ్మకు కాస్త ఆశ పుట్టింది. ఒక మెత్తటి పరుపు ఇప్పిస్తారా, రాత్రిళ్ళు తడుపుకుంటున్నాడు, దాని మీదికి రబ్బరు గుడ్డ ఇప్పిస్తారా అని అడిగింది.

"పరుపు సామాను కాదమ్మా. సామాను అనగా ఇసుక, కంకర, సిమెంటు, ఇనుము."

సిమెంటు దిగింది. పట్నంలో సిమెంటు కొట్టు పెట్టుకున్న పెద్దమనిషికి ముసలివాళ్ళంటే ఎంత ప్రేమో అప్పుడు తెలిసింది. స్వయంగా వచ్చి నిలబడి దింపించాడు. వాకిలి చుట్టూ గుండెలెత్తు గోడ లేపారు. లోపల నేలంతా గచ్చు చేశారు. ముందు ఒక ఇనుప గేటు పెట్టారు. ఇకనుంచి పని ప్రదేశం కదలదు, హాజరు తప్పదు అని ఇంజనీరు సంబరపడ్డాడు. చెంచమ్మ గోడ వంక చూసింది. తాను చీరతో చేసిన పని వీళ్ళు సిమెంటుతో చేశారు. తేడా ఏమంటే తాను సాయంత్రం విప్పి వెన్న రాసేది.

మాలకొండయ్య చూపు వేరు. తడి ఆరని గోడ వెంబడి తిరిగాడు, కర్రతో తట్టి చూశాడు, గేటు తీసి మూసి, మూసి తీశాడు. ముఖంలో వెలుగొచ్చింది. కట్టుకున్నదాన్ని గుర్తుపట్టనివాడు గొర్రెల దొడ్డిని గుర్తుపట్టాడు. ఆ సాయంత్రం చెంచమ్మను, ఆడపడుచును, మేనల్లుణ్ణి, కొండమ్మ మేకను ట్రుయ్ ట్రుయ్ అని అదిలించి లోపలికి తోలాడు. గేటు మూసి, బయట కర్ర అడ్డం పెట్టుకుని చతికిలబడ్డాడు. ఇక అక్కడి నుంచి కదల్లేదు. మందను దొడ్లో పెట్టుకుని ఏ కాపరీ ఊళ్ళు తిరగడు. ఆడపడుచు మర్నాడే బస్సెక్కింది, మార్చి దాకా ఆగకుండా.

దొడ్డి ఖాళీ అయితేనే చిక్కు. తప్పిపోయాయనుకుని వెతకబోతాడు. లోపల ఎవరో ఒకరు ఉండాలి. ఒకరు లోపలికి వస్తేనే ఇంకొకరిని బయటికి వదులుతాడు, తల తగ్గనివ్వడు. మొదట చెంచమ్మ ఒక్కతే కూర్చుంది. ఆమెకు తోడుగా కొండమ్మ ఎండుమిరపకాయల గోతం ఈడ్చుకొచ్చింది. వ్యాపారి తొడాలు, అంటే తొడిమలు, తీయమని ఇళ్ళకు ఇచ్చే కాయలు అవి. గచ్చు మీద పోసుకుంటే మట్టి అంటదు. అది చూసి వీధిలో ఆడవాళ్ళు మరికొందరు గోతాలు తెచ్చుకున్నారు. కాయల ఘాటుకు తుమ్ములు, తుమ్ముల మధ్య కబుర్లు. అతను బయట నుంచి వాళ్ళను చూసుకుంటూ, ఈ ఏడు మంద బాగా నిండింది అనుకునేవాడు. చెంచమ్మ ఒక పూట కోతకు పోయివచ్చినా దొడ్డి ఖాళీ కాలేదు. నడుం మీది ఎర్రటి ఒరుపు మానింది. అక్కడ కొత్త చర్మం వచ్చింది.

మార్చి ఆఖరు వచ్చింది. మాలకొండయ్య పోలేదు. బోర్డు మాట తప్పినందుకు ఊరు కాస్త చిన్నబుచ్చుకుంది. పద్మాకరం గారు ఇంజనీరును వెంటబెట్టుకుని పని పూర్తయినట్టు రాసుకోవడానికి వచ్చారు.

కూలి మాటేమిటని చెంచమ్మ గోడ లోపలి నుంచే అడిగింది. పద్మాకరం గారు ఓపిగ్గా వివరించారు. గోడ లేచాక తీసిన ఫొటోలన్నిట్లోనూ ఆమె లోపల కూర్చుని ఉంది, మాలకొండయ్య కర్రతో కాపలా ఉన్నాడు. అనగా కనిపెట్టుకుని ఉన్నది అతను, కనిపెట్టబడినది ఆమె. కూలి అతనికి చెందుతుంది. అయితే ఇంత శ్రద్ధగా పని చేసినవాడు మతి తప్పినవాడు కాలేడు గనుక అతనికి పథకం వర్తించదు. పోతే, గోడ పూర్తయింది గనుక పని పూర్తయినట్టే. మతి మళ్ళీ తప్పితే దాన్ని మరమ్మతు అంటారు. మరమ్మతులకు మూడేళ్ళు ఆగాలి.

అక్కడితో ఆగినా బాగుండేది. గోడ, గచ్చు, గేటు ప్రభుత్వ ఆస్తి అన్నారు. ప్రభుత్వ ఆస్తిలో మిరపకాయల వ్యాపారం నిషిద్ధం. అందరూ లేవాలి. గేటుకు తాళం పడుతుంది.

తొడాలు తీస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి. చెంచమ్మ గేటు అవతల కూర్చున్న మొగుడి నడుం వైపు చూసింది.

"అంటే మళ్ళీ కట్టెయ్యమంటారా సారూ ఆయన్ని?"

పద్మాకరం గారు నేల చూశారు. కట్టడం, కట్టకపోవడం పథకం పరిధిలోకి రావన్నారు. ఖాళీ ప్రదేశాన్ని చివరిసారి కొలిచి ఫొటో తీసుకోవాలి గనుక ఇంజనీరుతో కలిసి లోపలికి అడుగుపెట్టారు. ఇద్దరు లోపలికి వచ్చారు గనుక మాలకొండయ్య ఇద్దరు ఆడవాళ్ళను బయటికి వదిలాడు. కొండమ్మ మొదలు మిగతా ఆడవాళ్ళు లేచి గేటు దాకా వచ్చారు. అతను కర్ర అడ్డం పెట్టాడు. వాళ్ళకు అలవాటే, వెనక్కి వెళ్ళి కూర్చున్నారు.

కొలత ముగిసింది. ఫొటోలో ఖాళీ ప్రదేశం రాలేదు, ఆడవాళ్ళే వచ్చారు. పద్మాకరం గారు బయటికి రాబోయారు. కర్ర గుండెకు అడ్డం వచ్చింది. నొప్పి తగలకుండా, సూడి గొర్రెను ఆపినట్టు ఆపాడు.

"నిలబడు నాయనా. పొద్దుంది" అన్నాడు మాలకొండయ్య.

ఇంజనీరు కర్రను పక్కకు నెట్టబోయాడు. పద్మాకరం గారు వద్దని సైగ చేశారు. నిబంధన ఉంది. పని ప్రదేశాన్ని ఎవరూ బలప్రయోగంతో జరపరాదు. ఆయన జన్మలో నిబంధన దాటలేదు. గోడ వంక చూశారు. గుండెలెత్తు. ఆ కొలత ఆయన సంతకం పెట్టిందే.

నిలబడి నిలబడి ఇంజనీరు గచ్చు మీద కూర్చున్నాడు. తరవాత పద్మాకరం గారు జేబురుమాలు పరుచుకుని కూర్చున్నారు. మిరప ఘాటుకు ఇద్దరి కళ్ళ వెంబడీ నీళ్ళు కారాయి. ఎండ గోడ దిగి లోపలికి వచ్చింది.

"ఎంతసేపమ్మా ఇట్లా?" అన్నారు చెంచమ్మతో.

"మీ బదులు ఇంకొకరు లోపలికొస్తే మీరు పోవచ్చు సారూ."

ఆయన గేటు సందులోంచి బయటికి చూశారు. జీపు డ్రైవరు ఆ మాట విని అద్దం పైకెత్తుకున్నాడు. ఓబులేసు మెల్లిగా నాలుగడుగులు వెనక్కి వేశాడు. అరుగుల మీద కూర్చుని ఇంతసేపూ వినోదం చూస్తున్న మగవాళ్ళకు ఇళ్ళలో పనులు గుర్తొచ్చాయి. వీధి ఖాళీ అయింది.

"ఎవరూ రావడం లేదే" అన్నారు పద్మాకరం గారు.

చెంచమ్మ తన ముందున్న కాయల కుప్పలో సగం ఆయన ముందుకు తోసింది.

"నేనూ అదే చూస్తా ఉండా సారూ, నాలుగేళ్ళ నించీ."